మొదటి వరుసకు హద్దు లేదు

"నేను లాగిన్ అయితే ఇక్కడెందుకు కూసుంట మేడమ్? లాగిన్ కాలేకనే గదా అంత ఆగమైంది."

శేఖర్ గొంతులో ఏడుపు లేదు, కోపమూ లేదు. నిన్న సాయంత్రం అరెస్టు చేసినప్పటి నుంచి ఒకే మాట చెప్పి చెప్పి అరిగిపోయిన గొంతు అది. పోలీస్ స్టేషన్ వెనక గదిలో, ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చున్నాడు. బాపిరాజు అనే ఆయన నడిపే ఇంటర్నెట్ కంపెనీలో ఆరేళ్లుగా నెట్‌వర్క్ ఇంజినీరు.

యాదలక్ష్మి అతని ఎదురుగా కూర్చుంది. నాలుగేళ్ల కిందటి దాకా ఆమె కూడా పోలీసే, సైబర్ నేరాల విభాగంలో ఎస్.ఐ. ఒక కేసులో తప్పు మనిషి మీద ఛార్జిషీటు వేయమంటే వేయనని ఉద్యోగం వదిలేసింది. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ కోచింగ్ సెంటర్ పై గదిలో బోర్డు పెట్టుకుని ప్రైవేట్ డిటెక్టివ్‌గా బతుకుతోంది. ఆ రోజు ఆమె వేయనన్న ఛార్జిషీటు వేసి ఇన్‌స్పెక్టర్ అయిన ఆమె బ్యాచ్‌మేట్ సీతారాములు, ఇప్పుడు తలుపుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"పది నిమిషాలని చెప్పిన," అన్నాడు అతను. "నాలుగింటికి వీణ్ణి కోర్టుకు తీస్కపోవాలె."

"నీ ముంగటనే అడుగుతున్న గదా. ఇంక భయమెందుకు నీకు?"

"భయమా? నీ లెక్క ఉద్యోగం ఇడ్సిపెట్టి పోయినోళ్ళకు ఉండదేమో. మాకు పైన సమాధానం చెప్పేదుంటది."

సీతారాములుకు రెండు రోజుల గడ్డం, ఎర్రబడ్డ కళ్ళు. కేసు మూసేయాలన్న ఆత్రంలో నిద్ర కూడా మానేశాడని యాదలక్ష్మి అనుకుంది.

మంగళవారం సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా బాపిరాజు కంపెనీ ఇంటర్నెట్ మొత్తం ఆగిపోయింది. కంపెనీ ప్రధాన రౌటర్ మీద ఎవరో దాడి చేశారు. గంట దాటాక గానీ నెట్ తిరిగి రాలేదు. అదే సమయంలో కర్మన్‌ఘాట్ వైపున్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జంగయ్య అనే స్కూలు వ్యాన్ డ్రైవర్ పక్షవాతంతో మంచం మీదున్నాడు. మెదడు స్కాన్ తీసి, వేరే ఊళ్ళో ఉన్న నిపుణుడికి నెట్ ద్వారా పంపి, ఆయన సరేనంటే ఇంజెక్షన్ ఇవ్వాలి. నెట్ లేక స్కాన్ పంపలేకపోయామని ఆసుపత్రి వాళ్ళు చెప్పారు. ఆ రాత్రే జంగయ్య చనిపోయాడు.

మరునాడు పొద్దున్నే అతని కూతురు జ్యోతిక యాదలక్ష్మి ఆఫీసుకు వచ్చింది. అప్పటికి ఇంకా దహనం కూడా కాలేదు. "పోలీసోళ్ళు ఎవరో ఒకరిని పట్టుకొచ్చి చూపిస్తరు మేడమ్. నాకు దొరికినోడు వద్దు. చేసినోడు కావాలె," అంది.

సాయంత్రానికి దొరికినవాడు శేఖర్. అతని మీద పోలీసుల దగ్గర రెండు ఆధారాలున్నాయి. దాడి జరుగుతుండగా అతని పేరుతో ఎవరో రౌటర్‌లోకి వెళ్ళి, దాడిని అడ్డుకునే ఏర్పాట్లను ఆపేసినట్టు, కంపెనీ తరఫున కార్తీక్ అనే అతను టైపు చేసి ఇచ్చిన రికార్డు చెబుతోంది. అంతకు వారం ముందే, ఉద్యోగంలోంచి తీసేస్తున్నామని కంపెనీ అతనికి నోటీసు ఇచ్చింది.

"దాడి మొదలైనప్పుడు ఎక్కడున్నవు?" యాదలక్ష్మి అడిగింది.

"దిల్‌సుఖ్‌నగర్ ఆఫీసుల. నా సీట్లనే."

"ఆ ఫుటేజీ మా దగ్గరుంది," సీతారాములు అందుకున్నాడు. "ఒక్కడే కూసోని కీబోర్డు టకటక కొడుతున్నడు."

"కొట్టిన సార్. లాగిన్ కానీకి కొట్టిన. కాలె."

"ఎందుకు కాలె?" అంది యాదలక్ష్మి. "జర నాకు అర్థమయ్యేటట్టు మొదటికెల్లి చెప్పు."

శేఖర్ ఆమె వైపు అనుమానంగా చూశాడు. నిన్నటి నుంచి అతన్ని ఎందుకు చేశావని అడిగినవాళ్ళే గానీ ఎలా జరిగిందని అడిగినవాళ్ళు లేరు.

"రౌటర్‌కు రెండు పనులుంటయ్ మేడమ్. జనాల వీడియోలు, ఫైళ్ళు అటుకెల్లి ఇటు దాటించుడు ఒకటి. అది ఒక చిప్పు చూసుకుంటది, ఎంతొచ్చినా దాటిస్తది. రెండోది, రౌటర్‌తోనే మాట్లాడనీకి వచ్చే ప్యాకెట్లు, అంటే చిన్న చిన్న డేటా ముక్కలు. అవి లోపలున్న ప్రాసెసర్ దగ్గరికే పోవాలె. ఆ ప్రాసెసర్ చిన్నది. ఒక్కసారి లక్షల ప్యాకెట్లు మీద పడితే దానికి ఊపిరాడదు."

"అందుకని?"

"అందుకని వచ్చేటియి మూడు వరుసల నిలబెట్టిన." బల్ల మీద వేలితో మూడు గీతలు గీశాడు. "మొదటి వరుస పక్క రౌటర్లకు. 'నువ్వు బతికే ఉన్నవా' అని అవి అడుగుతనే ఉంటయ్. మనది జవాబియ్యకుంటే సచ్చిపోయిందనుకొని మనకు డేటా పంపుడు బంద్ చేస్తయ్. నెట్ పోయేది అట్లనే. అందుకే ఆ మాటలకు అందరికంటే ముందు జాగ. రెండో వరుస మాకు, లాగిన్ అయ్యే ఇంజినీర్లకు. ఊరూ పేరూ తెల్వని ప్యాకెట్లన్నీ మూడో వరుసకు. దాడి చేసేటోడు మూడో వరుసలనే వస్తడు. ఎక్కువైతే అక్కడనే పారేస్తం. ప్రాసెసర్‌కు ఆ సంగతే తెల్వదు."

"మంగళవారం తెలిసింది గదా."

"అదే మేడమ్. దాడి మూడో వరుసల వస్తే నాకు లాగిన్ దొరికేది. నాది దానికంటే ముందు వరుస. నాకు గూడ తొవ్వ దొర్కలేదంటే..."

"దాడి నీకంటే ముందు వరుసల ఉంది."

శేఖర్ తలూపాడు. "మొదటి వరుసల నిలబడి కొట్టిండ్రు. అందులకు ఉత్తగనే ఎవ్వరూ రాలేరు. మేం ముందే రానిచ్చినోళ్ళే రావాలె."

"ఆ వరుసల ఎంతమంది రావొచ్చు, ఎంత రావొచ్చు అని హద్దు లేదా?"

"పెడతనన్న. రెండుసార్లు అడిగిన. పెద్ద కస్టమర్ల లైన్ల మీద చెయ్యి పెట్టొద్దన్నడు కార్తీక్ సార్. మా చీఫ్ ఇంజినీరు."

"పక్క రౌటర్లన్నవు. మధ్యల కస్టమర్లెందుకొచ్చిండ్రు?"

"పెద్దోళ్ళకు సొంత రౌటర్ ఉంటది మేడమ్. అది మా రౌటర్‌తో నేరుగ మాట్లాడతది. అందుకే వాళ్ళను గూడ మొదటి వరుసల..."

"టైమైంది," అన్నాడు సీతారాములు. శేఖర్ జబ్బ పట్టుకుని లేపాడు.

యాదలక్ష్మి గడియారం చూసింది. పది నిమిషాలు కాలేదు. సీతారాములు వెంట వరండాలోకి నడిచింది.

"సీతారాములూ, ఒక్క మాట. మొదటి వరుసనే నిండిపోతే వెనకున్నోళ్ళెవ్వరికీ లాగిన్ కాదు. నీ ఫుటేజీ ప్రకారం శేఖర్ దిల్‌సుఖ్‌నగర్‌ల ఉన్నడు. మరి నీ రికార్డుల శేఖర్ రౌటర్ లోపలికి ఎట్ల పోయిండు?"

"రికార్డు అబద్ధం చెప్తదా?"

"రికార్డు రౌటర్ల చూసినవా? కార్తీక్ టైపు చేసిచ్చిన కాగితంల చూసినవా?"

సీతారాములు మొహం గట్టిపడింది. "నువ్వు పోలీసువు కాదిప్పుడు. పది నిమిషాలు ఇచ్చిన, పాత పరిచయానికి. ఇగ పో."

"పాత పరిచయానికే చెప్తున్న. అప్పుడొకణ్ణి లోపలేసినవు. వాడు నిర్దోషని కోర్టు చెప్పెటాళ్లకు మూడేండ్లు పట్టింది. వాని పెళ్ళాం అప్పటికే పుట్టింటికి పోయింది. ఇప్పుడు ఇంకొకణ్ణి లోపలేస్తున్నవు."

"పో యాదలక్ష్మీ," అన్నాడు అతను. ఈసారి గొంతులో అధికారం లేదు. ఆమె అది గమనించింది గానీ, అప్పుడు దాని గురించి ఆలోచించలేదు.

* * *

బాపిరాజు భీమవరంలో ఉన్నాడు. బంధువుల పెళ్ళికి పోయిన శనివారమే వెళ్ళాడట. ఫోన్లో మర్యాదగానే మాట్లాడాడు. "తప్పకుండా చూసుకోండమ్మా. మా మేనల్లుడు కార్తీక్ దగ్గరుండి చూపిస్తాడు. మాకు దాచుకునేదేముందండీ?"

రౌటర్ గది ఎల్.బి.నగర్‌లో ఒక పాత వాణిజ్య భవనం మూడో అంతస్తులో ఉంది. తలుపు దగ్గరే ఎదురొచ్చాడు కార్తీక్. ముప్పై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చేసిన పల్చటి తెల్ల చొక్కా. వేలు పెడితే తెరుచుకునే తాళం మీద బొటనవేలు ఆనించి తలుపు తీశాడు.

"ఈ తాళానికి ఎవరెవరి వేళ్లు పడతయి?"

"నాదీ, మావయ్యదేనండి."

"శేఖర్‌ది?"

"నోటీసు ఇచ్చిన రోజే తీసేశామండి. సెక్యూరిటీ కదా."

"మంగళవారం మీ మావయ్య ఇక్కడ లేడు."

"లేరండి." జవాబు చెప్పాక గానీ ఆ ప్రశ్న ఎటు పోతోందో అతనికి తట్టలేదు. "అయినా శేఖర్ ఇక్కడికి రానవసరం లేదు కదండీ. ఎక్కడి నుంచైనా లాగిన్ అవ్వొచ్చు."

లోపల చలిగా ఉంది. ఫ్యాన్ల హోరు. ఇనుప చట్రంలో మనిషి ఎత్తున పేర్చిన యంత్రాల మధ్య ప్రధాన రౌటర్‌ను చూపించాడు. దాని ముందు భాగం నుంచి ఒక బల్లపరుపు నీలం తీగ కిందికి దిగి, స్టూలు మీదున్న ల్యాప్‌టాప్‌లోకి వెళ్ళింది. గోడకున్న పెద్ద తెర మీద ఎనిమిది చిన్న గ్రాఫులు కదులుతున్నాయి.

"ఈ నీలం తీగ ఏంటిది?"

"కన్సోల్ కేబుల్ అండి. నెట్‌వర్క్ పూర్తిగా పడిపోయినప్పుడు దీంతో నేరుగా రౌటర్‌లోకి వెళ్ళొచ్చు."

"అంటే శేఖర్ పెట్టిన మూడు వరుసలతోని దీనికి పని లేదు."

"ఉండదండి. ఇది వేరే దారి. ఎంత పెద్ద దాడి జరుగుతున్నా ఇది..." కార్తీక్ ఆగిపోయాడు.

"ఇది తెరిచే ఉంటది," యాదలక్ష్మి ఆ మాట పూర్తి చేసింది. "రౌటర్‌ల మంగళవారం నాటి రికార్డు చూపియ్యండి. కాగితం మీద కాదు, దీంట్ల."

"అది... పోలీసులకు ఇచ్చేశామండి."

"ఇచ్చినా రౌటర్‌ల ఉంటది గదా. మీ మావయ్యకు ఫోన్ చేసి, కార్తీక్ చూపిస్తలేడని చెప్పమంటారా?"

అతను స్టూలు ముందు వంగి నాలుగైదు ఆదేశాలు కొట్టాడు. అక్షరాలు తెర మీద పైకి పాకాయి. యాదలక్ష్మి అతని భుజం మీదుగా చదివింది. తేదీ, సమయం, శేఖర్ యూజర్ పేరు. ఆ తర్వాత, పోలీసుల కాగితంలో లేని ఒక్క మాట: కన్సోల్.

ఫోన్ తీసి ఫోటో కొట్టింది.

"ఏ వరుసల ఎన్ని ప్యాకెట్లు వచ్చినయో రౌటర్ లెక్క పెడతది గదా. అది గూడ చూపియ్యండి."

లెక్క వచ్చింది. మంగళవారం దాడి నాటివన్నీ సున్నాలు. కింద ఇంకో గీత ఉంది: లెక్కలన్నీ చెరిపేసినట్టు, అది కన్సోల్ నుంచే చేసినట్టు. దాన్నీ ఫోటో తీసింది.

"కార్తీక్ గారూ, దాడి మధ్యలో ఈ రౌటర్‌లకు నెట్ మీద ఎవ్వరూ పోలేరు. పోయినోడు ఈ తీగ పట్టుకొని ఈ స్టూలు ముంగట నిలబడ్డడు. శేఖర్ దిల్‌సుఖ్‌నగర్ కెమెరాల ఉన్నడు. వాని వేలికి ఈ తలుపు తెరుసుకోదు. మీ మావయ్య భీమవరంల ఉన్నడు. ఇగ మిగిలిందెవరో మీరే చెప్పండి."

"నేను దాడి చేయలేదండి!"

"చేసిండ్రని నేనన్ననా? ఈడ ఏం చేసిండ్రని అడుగుతున్న."

అతను గోడకు జారగిలబడ్డాడు. ఆ చలిలో కూడా పై పెదవి మీద చెమట పట్టింది.

"నెట్ పడిపోయిందని పరుగెత్తుకొచ్చానండి. నా పాస్‌వర్డ్ గుర్తు రాలేదు, కంగారులో. శేఖర్‌ది తెలుసు, అదే కొట్టాను."

"తోటి మనిషి పాస్‌వర్డ్ గుర్తుండి, సొంతది మర్చిపోయిండ్రా?"

కార్తీక్ పెదవి మీది చెమట తుడుచుకున్నాడు.

"సరే. లోపలికి పోయి ఏం చూసిండ్రు?"

"మొదటి వరుస పొంగిపోతోందండి. అన్నీ చిన్న చిన్న ప్యాకెట్లు. ఒకే పోర్టు నుంచి వస్తున్నాయి. ఒకే కస్టమర్ నుంచి."

"ఆ ఒక్క తీగ పీకేస్తే అందరికీ నెట్ వచ్చేది."

"వచ్చేదండి."

"ఎందుకు పీకలే?"

కార్తీక్ స్టూలు ముందు వంగి తీగలు సర్దసాగాడు. యాదలక్ష్మి అతన్ని వదిలేసి గోడ మీది తెర దగ్గరికి వెళ్ళింది. ఎనిమిది గ్రాఫులు, ఎనిమిది మంది పెద్ద కస్టమర్లు. ఒక్కొక్క దానిలో వారం రోజుల రాకపోకలు. ఏడింటిలో పగలు పైకి లేచి, రాత్రి కిందికి దిగే అలలు. ఆరో గ్రాఫ్ మాత్రం వేరుగా ఉంది. పోయిన ఆదివారం దాకా మధ్యమధ్య సూదుల్లాంటి పొడుగు గీతలు. ఆదివారం సాయంత్రం నుంచి ఒక్క సూది లేదు. మంగళవారం సాయంత్రం ఒక పొట్టి గుట్ట తప్ప సోమ, మంగళ, బుధవారాలు చదునుగా ఉన్నాయి. ఈ రోజు, గురువారం పొద్దున్నుంచి మళ్ళీ సూదులు.

"ఈ సూదులేంది?"

అతను తెర వైపు చూసి తల తిప్పుకున్నాడు.

"కార్తీక్ గారూ, ఒక మనిషి సచ్చిపోయిండు. ఈ సూదులేంది?"

"స్కాన్ ఫైళ్లండి," అన్నాడు. "స్కాన్ ఒక్కొక్కటి పెద్ద ఫైలు. పంపినప్పుడల్లా అలా పైకి లేస్తుంది."

"ఇది ఎవరి లైను?"

అతను ఆసుపత్రి పేరు చెప్పాడు. జంగయ్య చనిపోయిన ఆసుపత్రి.

"దాడి వచ్చిన పోర్టు?"

"అదేనండి."

ఫ్యాన్లు హోరెత్తుతూనే ఉన్నాయి. నిన్నటి నుంచి యాదలక్ష్మి కూడా అందరిలాగే ఆలోచించింది. ఎవడో నెట్ ఆపాడు, అందుకే స్కాన్ వెళ్ళలేదు, అందుకే జంగయ్య పోయాడు. అంతా తలకిందులు.

"ఆదివారం నుంచి వాళ్ళ స్కాన్ మిషన్ పని చేస్తలేదు," అంది నెమ్మదిగా. "అయినా జంగయ్యను చేర్చుకున్నరు. స్కాన్ తీసినం, నిపుణుడికి పంపుతున్నం అని బిడ్డను బయట కూసోబెట్టిండ్రు. ఇంక చెప్పనీకి ఏం లేనప్పుడు నెట్ పోగొట్టిండ్రు. నెట్ లేక పంపలేకపోయినం అంటే ఎవరు కాదంటరు? ఏరియా మొత్తం సాక్ష్యం చెప్తది. పంపనీకి అసలు స్కానే లేదు."

"నాకు స్కాన్ సంగతి తెలియదండి, అమ్మతోడు! వైరస్ అనుకున్నాను. లైను ఆపేస్తానని వాళ్ళకు ఫోన్ చేశాను. కాసేపు ఆగండి, మేమే ఆపుకుంటాం అన్నారు. మా అందరిలోకీ పెద్ద కస్టమరండి వాళ్ళు. రేపు పోలీసులొస్తారు, మా పేరు రాకుండా చూడండి అన్నారు. అందుకే మళ్ళీ శేఖర్ పేరుతో వెళ్ళి, అడ్డుకునే ఏర్పాట్లు ఆపేసి, లెక్కలు చెరిపేశాను. శేఖర్ ఎలాగూ వెళ్ళిపోయేవాడే కదా అని..."

"వెళ్ళిపోయేటోడే కదా అని," యాదలక్ష్మి అదే మాట మళ్ళీ అంది. "మిషన్ లేదు, వేరే దవాఖానకు తీస్కపోండ్రి అని ఒక్క మాట చెప్తే బతికేటోడేమో. గేటు దాటితే ఇంకో రెండు దవాఖానలున్నయ్."

తలుపు మీద ఎవరో చరిచారు. కార్తీక్ వెళ్ళి తీశాడు. సీతారాములు లోపలికి వచ్చాడు. ఒంటరిగా వచ్చాడు. మెట్లెక్కిన ఆయాసం ఇంకా తగ్గలేదు.

"నీకు పో అని చెప్పిన గదా," అన్నాడు.

"నేను పోయే చోటికే వచ్చిన. మంచిదే, నువ్వూ వచ్చినవు. శేఖర్‌ని ఇడ్సిపెట్టు. లాగిన్ అయింది ఈయన. దాడి వచ్చింది దవాఖాన లైన్లకెల్లి. ఫోటోలున్నయ్. ఈయన నోటితోనే చెప్పిండు."

అతను అదిరిపడతాడని, కనీసం కాదని వాదిస్తాడని ఆమె అనుకుంది. సీతారాములు గ్రాఫుల వైపు తల కూడా తిప్పలేదు. కార్తీక్ వైపు చూశాడు. కార్తీక్ తల దించుకున్నాడు.

ఆ చూపు ఆమెకు చాలు.

"నీకు తెలుసు," అంది.

సీతారాములు వెనక తలుపు దగ్గరికి వేశాడు.

"ఈయన నీకు బుధవారం పొద్దుగాలనే చెప్పిండు. పోర్టు సంగతి నీకు తెలుసు. తెలిసే శేఖర్‌ని పట్టుకొచ్చినవు. ఎంత దిగజారినవురా సీతారాములూ! ఏమిచ్చిండ్రు నీకు?"

"ఏమియ్యలే."

"మరి?"

"అమల ఆ దవాఖాననే ఉంది."

అమల అతని భార్య. ఉద్యోగంలో చేరిన కొత్తలో వాళ్ళింట్లో యాదలక్ష్మి ఎన్నోసార్లు భోజనం చేసింది.

"పన్నెండు రోజులైంది. ఊపిరితిత్తులకు ఇన్ఫెక్షన్. వెంటిలేటర్ మీదుంది. కదిలిస్తే బతకదని బయట డాక్టరు గూడ చెప్పిండు." ఒక్కొక్క మాటా బరువుగా దింపుతున్నట్టు చెప్పాడు. "బుధవారం నేను వాంగ్మూలం తీస్కోనీకి పోయిన. నన్ను కూసోబెట్టి, మర్యాద చేసి, మీ ఆవిడ సంగతి మేం చూస్కుంటం సార్ అన్నరు. అంతే అన్నరు. ఇంకొక్క మాట గూడ ఎక్కువ అనలే."

"శేఖర్ సంగతి ఎవరు చూస్కోవాలె?"

"వానికి బెయిల్ వస్తది. అమల బయటికొచ్చినంక నేనే కేసు తిరగదోడ్త. నా మీద ఒట్టు. నెల రోజులు ఆగు యాదలక్ష్మీ."

"జంగయ్య బిడ్డకు నెల రోజులు ఆగమని నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా? నెల రోజులల్ల ఈ గ్రాఫు ఉంటదా? ఆ మిషన్ బాగు చేసినోని కాగితాలుంటయా?"

కార్తీక్ గోడ పక్కగా తలుపు వైపు జరుగుతున్నాడు. యాదలక్ష్మి తల తిప్పింది. పల్చటి చొక్కా జేబులోంచి నీలంగా వెలుగు కనబడింది. రెండంగల్లో అతన్ని చేరి జేబులోంచి ఫోన్ లాగింది. తెర మీద అంకెలు నడుస్తున్నాయి. కాల్ మొదలై అరగంట దాటింది. ఆమె ఈ గదిలో అడుగు పెట్టినప్పటి నుంచీ అవతల ఎవరో వింటూనే ఉన్నారు.

స్పీకర్ నొక్కింది. "ఎవరు?"

"నమస్కారమండీ," అంది ఒక ఆడ గొంతు. యాభై దాటిన, నిదానమైన గొంతు. "నా పేరు శేషారత్నం. ఆసుపత్రి వ్యవహారాలు చూస్తుంటానండి. మీ గురించి వినడమే గానీ మాట్లాడే భాగ్యం ఇప్పటికి కలిగింది. సీతారాములు గారు అక్కడే ఉన్నారు కదూ? సార్, మీ ఆవిడ దగ్గర్నుంచే వస్తున్నానండి. ఇందాక కళ్ళు తెరిచారు. మీరేం కంగారు పడకండి."

సీతారాములు చెయ్యి ఇనుప చట్రాన్ని పట్టుకుంది.

"మీరు జంగయ్యకు స్కాన్ తియ్యలేదు," అంది యాదలక్ష్మి.

"అలాంటివి ఫోన్లో మాట్లాడుకోకూడదండి. జంగయ్య గారి అమ్మాయి కూడా అదే అడుగుతోంది. మధ్యాహ్నం వచ్చింది, నాన్న స్కాన్ కాపీ కావాలని. పాపం పొద్దున్నుంచి ఏమీ తినలేదట. నా గదిలోనే కూర్చోబెట్టాను. మీరు కూడా వచ్చేయండి. ఆ ఫోటోలు తీసుకుని రండి. ముగ్గురం కూర్చుని మాట్లాడుకుందాం."

కాల్ తెగిపోయింది.

యాదలక్ష్మి తన ఫోన్‌లో జ్యోతిక నంబరు నొక్కింది. రెండుసార్లు మోగి స్విచ్ ఆఫ్ అయింది. మళ్ళీ నొక్కింది. అదే.

"వింటున్నవా?" సీతారాములు వైపు తిరిగింది. "అక్కడ ఆ పిల్లను కూసోబెట్టిండ్రు. ఇప్పుడు గూడ పోలీసువు కావా నువ్వు? ఒక్క జీపు పంపు. నువ్వు పోకు, నీ పేరు రానియ్యకు. ఎవరినన్నా పంపు."

అతని ఫోన్ మోగింది. అతను ఉలిక్కిపడి చూసుకున్నాడు. స్టేషన్ నుంచి. చెవికి ఆనించాడు. కానిస్టేబుల్ గొంతు ఆమెకూ వినబడింది.

"సార్, బండి రెడీ ఉంది. కోర్టుకు టైమైతుంది. శేఖర్‌ని ఎక్కించమంటారా?"

సీతారాములు కళ్ళు మూసుకున్నాడు. యాదలక్ష్మి అతని మొహాన్నే చూస్తోంది. ఒక్క మాట. ఆపండ్రి అన్న ఒక్క మాట కోసం.

"తీస్కపోండ్రి," అన్నాడు.

ఫోన్ కిందికి దించాడు. కార్తీక్ ఊపిరి వదిలిన చప్పుడు ఇద్దరికీ వినబడింది.

యాదలక్ష్మి సంచీ భుజానికి తగిలించుకుంది. అతన్ని తిట్టడానికి మాటలు ఉన్నాయి గానీ, తిడితే పోయే సమయం జ్యోతికది. తలుపు తోసుకుని మెట్ల దగ్గరికి వచ్చింది.

"యాదలక్ష్మీ."

వెనక నుంచి సీతారాములు పిలిచాడు. ఆమె ఆగింది, వెనక్కి తిరగలేదు.

"ఐసీయూ రెండో అంతస్తుల ఉంటది. ఎడమ చేతి దిక్కు." అతను తలుపు దగ్గరే ఆగిపోయాడు. "ఎట్లనూ పోతున్నవు గదా. అమలను గూడ ఒకసారి చూడు."

ఆమె జ్యోతిక నంబరు మళ్ళీ నొక్కింది. మెట్లు దిగడం మొదలుపెట్టింది.